ఊరి సాయం ఏ గడిలో రాస్తారు?

"నిన్న రోజంతా ఏం చేశారు?" అని కేంద్ర గణాంక శాఖ వాళ్ళు ఇంటింటికీ వచ్చి అడిగే సర్వే ఒకటుంది. సమయ వినియోగ సర్వే అంటారు. 2019లో దేశమంతటా 1,38,799 కుటుంబాల్లో చేశారు, 2024లో మళ్ళీ చేశారు. ముందురోజు తెల్లవారుజామున 4 గంటల నుంచి మర్నాడు 4 గంటల దాకా అరగంటకో గడి. జీతం లేకుండా పరుల కోసం పనిచేసినవాళ్ళు 2019 లెక్కలో నూటికి ముగ్గురు కూడా తేలలేదు. అందులోనూ జీతం లేని శిక్షణ పనిని అదే పద్దులో కలిపేశారు.

పల్లెల్లో సేవాభావం చచ్చిపోయిందని పట్నం పెద్దమనుషులు అనేముందు, లెక్క ఎలా కట్టారో చూడాలి. నెలకోసారి సాయానికి పోయే మనిషిని మిగతా ఇరవై తొమ్మిది రోజుల్లో ఎప్పుడడిగినా సున్నే. అందుకే అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో వేసిన పుస్తకంలో, గడిచిన నాలుగు వారాల సంగతి అడగమంది, అదీ "వాలంటీరు" అనే మాట జోలికి పోకుండా.

మన దగ్గర ఆ జాగ్రత్త మరీ అవసరం. 2019లో రాష్ట్ర ప్రభుత్వం యాభై ఇళ్ళకొకరిని నెలకు 5,000 రూపాయలిచ్చి పెట్టినప్పటి నుంచీ, వాలంటీరంటే పింఛను తెచ్చే కుర్రాడే. 2024లో ప్రభుత్వం మారాక ఆ ఏర్పాటు ఆగింది, మాట మిగిలింది. కూచిపూడిలో నాట్లకు పోయే తల్లిని "నువ్వు వాలంటీరువా?" అనడిగితే "నాకా ఉద్యోగం ఎవరిచ్చారయ్యా" అంటుంది. ఆమే పక్కింటి బాలింతకు వండిపెట్టి వచ్చి ఉంటుంది!

1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమలో కుళ్ళిన శవాలను ఎత్తి పూడ్చారు మనవాళ్ళు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగితే నీళ్ళలో అన్నం పొట్లాలు మోశారు. వాళ్ళలో ఎందరిళ్ళకు సర్వే మనిషి సరిగ్గా ఆ మర్నాడే వస్తాడు?

సర్వే దండగ అనడం లేదు. జీతం లేని ఇంటి చాకిరీ చేసేవాళ్ళలో ఆడమనిషికి రోజుకు 299 నిమిషాలు, మగవాడికి 97 అని తేల్చింది ఆ 2019 సర్వేయే. మగాళ్ళం కాదనలేకపోయాం.

ఇంకో తిరకాసుంది. డబ్బు ఉండకూడదు, బలవంతం ఉండకూడదు, ఇంటి బయటివాళ్ళ కోసం చేయాలి, అప్పుడే అది స్వచ్ఛందం. బలవంతంగా చేయిస్తే దాని పేరు వెట్టి. ఆశా వర్కర్లకు "స్వచ్ఛంద కార్యకర్త" అని పేరుపెట్టి ఉద్యోగి హోదా ఎగ్గొట్టారు. వాళ్ళ పనిని సేవ పద్దులో రాస్తే ఒప్పుకోకూడదు. అది కూలి ఎగవేత పద్దు.

మన సంఘాలు పేటల్లో సొంతంగా లెక్క రాయాలి. ఒక నోటుబుక్కు చాలు. ఆసుపత్రికి తోడుపోయారా, పాడె మోశారా, గొయ్యి తీశారా, ఎవరికైనా అర్జీ రాసిపెట్టారా, ఎన్ని గంటలు పట్టింది, ఆ పూట కూలి పోయిందా అని పనులు చెప్పి అడగండి. ఆడవాళ్ళ సంగతి ఆడవాళ్ళనే అడగండి, ఇంటాయనను కాదు. నాట్ల రోజుల్లో ఒకసారి, పని దొరకని ఎండాకాలంలో ఒకసారి తిరగాలి.