డ్రోన్ డిజైన్ ఎవరిది? అది కూడా వాటా ప్రశ్నే



మిలటరీ డ్రోన్ల గురించి రాస్తున్నానంటే "ఇది మన సబ్జెక్టా అన్నా?" అని అడిగారు కొందరు తమ్ముళ్లు. మనదే. యుద్ధాన్ని మెచ్చుకోవడానికి కాదు, ఖర్చయ్యే డబ్బులో మన పన్ను కూడా ఉంది కాబట్టి. దేశం ముందు మూడు దారులున్నాయి. ఏ దారిలో మన పిల్లలు ఎక్కడుంటారో చూద్దాం.

ఒకటి, కొనేయడం. 2024 అక్టోబర్‌లో అమెరికా నుంచి 31 ఎంక్యూ-9బి డ్రోన్లకు ఒప్పందమైంది. విలువ దాదాపు రూ.32,000 కోట్లు.

రెండు, విదేశీ డిజైన్‌ను ఇక్కడి ప్రైవేటు కంపెనీ తయారు చేయడం. 2024 జనవరిలో హైదరాబాద్‌లో అదానీ సంస్థ నేవీకి అప్పగించిన దృష్టి-10కి మూలం ఇజ్రాయెల్ కంపెనీ ఎల్బిట్ వారి హెర్మెస్-900. ఉద్యోగాలొస్తాయి, నిజమే. కానీ డిజైన్ మనది కాదు. ప్రైవేటులో రిజర్వేషనూ లేదు.

మూడు, ప్రభుత్వ ల్యాబ్‌లో సొంతంగా చేసుకోవడం. డీఆర్‌డీఓ 'తపస్' 2011లో మంజూరై, 2016లో తొలిసారి ఎగిరింది. కావలసింది 30,000 అడుగుల ఎత్తు, 24 గంటలు. పరీక్షల్లో అందుకున్నది 28,000 అడుగులు, 18 గంటలు. ఇది వైఫల్యమే, దాచొద్దు. అయితే ఈ వైఫల్యాన్ని చూపించి "సర్కారీ ల్యాబులు దండగ" అంటే మాత్రం జాగ్రత్త. సైంటిస్ట్-బి నియామకాల్లో ఎస్సీ, ఎస్టీలకు చోటున్నది ఆ ల్యాబుల్లోనే.

టర్కీని చూడండి, ప్రైవేటే గెలిచిందంటారు. 2020లో కెనడా కెమెరాల ఎగుమతి ఆపేస్తే, ఆ ప్రైవేటు టీబీ2 డ్రోన్‌ను ఆదుకున్నది సైనిక ఫౌండేషన్ చేతిలోని అసెల్సాన్ కెమెరా. ఆ సంస్థ పుట్టింది 1975లో. దశాబ్దాల ప్రజాధనం వెనక లేకుండా ప్రైవేటు గెలుపు లేదు.

మా మాచవరంలో డ్రోన్ అంటే చేలకు మందు కొట్టేది. రిమోట్ ఒకరి చేతిలో ఉంటుంది. డ్రమ్ములో మందు కలిపే చెయ్యి మాత్రం మా వాడదే. యంత్రం మారింది, పని పంపకం మారలేదు.

1942లోనే బాబాసాహెబ్ వైస్రాయ్‌కి ఇచ్చిన మెమొరాండంలో మన పిల్లల సైన్స్, టెక్నికల్ చదువులకు స్కాలర్‌షిప్పులు అడిగారు. గుమాస్తా కొలువులతో ఆగలేదు ఆయన.

అందుకే నా మాట: డిజైన్ ప్రభుత్వ ల్యాబుల్లోనే ఉండాలి. తపస్ ఎక్కడ తప్పిందో పార్లమెంటు ముందు పెట్టాలి. తయారీ ప్రైవేటుకిచ్చినా, ప్రజాధనంతో ఇచ్చే ప్రతి ఆర్డర్‌కూ ఎస్సీ, ఎస్టీ ఉద్యోగాల షరతు ఉండాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నోటిఫికేషన్ వస్తే అప్లై చేయండి. రాకపోతే ఎందుకు రాలేదని అడగండి.

జై భీమ్.