రెక్కల వ్యామోహము

మన విద్యావంతులలో నీ మధ్య నొక క్రొత్త కులము బయలుదేరినది. దీనికి గోత్రము లేదు, ఋషి లేడు. కాని హెచ్చుతగ్గులున్నవి, ఆచారములున్నవి, మడి కూడ నున్నది. వెండి, బంగారు, ప్లాటినము అను పేర్లతో విమాన కంపెనీలు దయచేయు కార్డులే వీరికి జందెములు. పనికొరకు ఎగురువారిని గూర్చి మేము వ్రాయుట లేదు. ఎగురుటయే పనియని యెంచువారిని గూర్చియు, ఎగిరినందులకు లోకము తమకు మ్రొక్కవలెనని తలచువారిని గూర్చియు వ్రాయుచున్నాము. వినోదముగా మొదలైన యీ వ్యామోహము మనుజుని విలువ కొలుచు కొలబద్దనే మార్చివైచుచున్నది. కావుననే నిర్మొహమాటముగా నాలుగు మాటలు చెప్పవలసివచ్చినది.

వీరిని గుర్తించుట కష్టము కాదు. ఊరి పేరు నోట పలుకరు. బెంగుళూరు వీరికి బి.ఎల్.ఆర్.; హైదరాబాదు హెచ్.వై.డి.; ఏడుకొండలవాని తిరుపతి సయితము టి.ఐ.ఆర్. అయి కూర్చున్నది. బంధువు అమెరికానుండి వచ్చెనన్న కుశలప్రశ్న లేదు. ఎయిర్‌బస్సున వచ్చితివా, బోయింగున వచ్చితివా యనునదే మొదటి పలుకు. పెండ్లికి పోయివచ్చి పప్పన్నము రుచి చెప్పరు. తాము కూర్చున్న సీటు సంఖ్య చెప్పుదురు. పెట్టెకు కట్టిన కంపెనీ బిళ్లను యాత్ర ముగిసి యేడాదియైనను తెంపరు. బోర్డింగు పాసును, రెక్కను, మేఘమును ఫోటో తీసి పుట్టింటికిని అత్తింటికిని పంపనిదే పెట్టె విప్పరు. ఇంటిలోని వేడి ఇడ్డెనలను కాదని వచ్చి, లాంజిలో చల్లారిన ఉప్మాకై అరగంట వరుసలో నిలుతురు. విమానము నేలనంటగానే లేచి నిలుచు సామాన్యులను జూచి చిరునవ్వు నవ్వి, తాము కదలక కూర్చుందురు. అదియే వీరి వైరాగ్యము. ఆకాశమున చప్పుడు వినబడిన చాలు, మాట నడుమ ఆపి తలయెత్తి, ఫోను తీసి, అది యెచ్చటినుండి యెచ్చటికి ఎన్ని అడుగుల యెత్తున పోవుచున్నదో చెప్పుదురు. ఎదుటనున్న మనిషి సంగతి మాత్రము మరతురు.

ఇంతవరకు నవ్వి యూరకుండవచ్చును. కాని డిసెంబరు నెల వచ్చిన వీరి చేష్ట నవ్వులాటగా నుండదు. ఏడాది ముగియులోపల లెక్కకు తగినన్ని ప్రయాణములు కాకున్న బంగారు కార్డు వెండిదిగా దిగజారును. ఆ యవమానము తప్పించుకొనుటకై పనిలేని ఊరికి టిక్కెట్టు కొని, అచ్చటి విమానాశ్రయపు గడప దాటకయే తిరిగి వచ్చువారు కలరు! మన పెద్దలు కాళ్లీడ్చుకొనుచు కాశికి పోయిరన్న విశ్వేశ్వరుని దర్శనమునకు పోయిరి. గుడి వాకిటివరకు పోయి, దేవుని చూడక, పోయినట్లు రసీదు మాత్రము తెచ్చుకొను భక్తి యీ కాలమునకే చెల్లినది. మన దేశము వాడు ముడిచమురులో నూటికి ఎనుబదియైదు పాళ్లకు పైగా పరదేశములనుండి కొనుచున్నదే. ఆ చమురును ఒక కార్డు రంగు కొరకు ఆకాశమున కాల్చుట ఏ నీతి?

ఈ గౌరవమును ప్రసాదించువారెవరో యోచింతము. 1981 మే నెలలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ కంపెనీ తరచు ఎగురువారికి మైళ్ల లెక్కన బహుమతులిచ్చు పద్ధతి ప్రారంభించెను. కొనువాడు మరియొక అంగడికి పోకుండుటకు అంగడివాడు వేసిన ముడి యిది. తక్కిన కంపెనీలు అదే త్రోవ పట్టినవి. మన ఎయిరిండియాయు పట్టినది. 1987లో షికాగో ధనికుడొకడు అదే అమెరికన్ కంపెనీకి రెండులక్షల యేబదివేల డాలర్లు చెల్లించి, బ్రతికియున్నంతకాలము మొదటి తరగతిలో ఎగురు హక్కును కొనెను. కోటి మైళ్లకు పైగా ఎగిరెను. 2008లో కంపెనీ అతడు నియమములు మీరెనని చెప్పి ఆ హక్కును రద్దుచేసెను. అంగడివాడిచ్చిన బిరుదు అంగడివాని లాభమున్నంతవరకే! ఒకనాడు తెల్లదొరలిచ్చిన రావుబహద్దూరు బిరుదులను తృణీకరించిన జాతి, నేడు టిక్కెట్లమ్మువాడిచ్చిన బిళ్లను మెడలో వేసికొని మురియవలెనా?

విమానమునందలి ఆసక్తియే తప్పని మేమనము. ఎగరవలెనని పోక విమానమునే ప్రేమించువారు కొందరు కలరు. విశాఖ సముద్రతీరమున 2017నుండి ప్రదర్శనకుంచిన నౌకాదళపు టి.యు. 142 విమానమును గంటలకొలది నిలువబడి చూతురు. బేగంపేట ప్రదర్శనలకు దూరప్రాంతములనుండి పోవుదురు. ధ్వనినిబట్టి యంత్రము పేరు చెప్పగలరు. ఇది విద్యకు తొలిమెట్టు. దీనిని మేము మెచ్చుకొందుము. అయినను మెట్టుమీదనే కాపురముండువారిని మెచ్చుకొనజాలము. మన విమానములపై వి.టి. అను అక్షరములుండును. పరపాలనా దినములలో బ్రిటిషు ఇండియాకు కేటాయించిన గుర్తు అది. 1947 తరువాతను మారలేదు. ఆ గుర్తు వెనుక నుండు అక్షరములను పుస్తకములనిండ వ్రాసికొనువారిలో, అవి మనకెట్లు వచ్చెనని యడిగినవారెందరు?

2025 జూన్ 12వ తేదీన అహమ్మదాబాదున ఎయిరిండియా విమానము కూలి, అందలి 242 మందిలో 241 మందియు, నేలమీద మరి 19 మందియు మరణించిరి. శవములనింకను గుర్తింపకమునుపే, తప్పు పైలటుదో యంత్రముదో ఫోనుల యెదుట కూర్చుండి తీర్పులు చెప్పినవారు కోకొల్లలు. ప్రభుత్వ దర్యాప్తు శాఖవారి ప్రాథమిక నివేదికయే నెల పిమ్మట జులై 12న గాని వెలువడలేదు. యంత్రమును ప్రేమించి మనుజుని మరచిన దానికి ఇంతకంటె నిదర్శనము వలదు.

ఈ మాటలు నిమ్మనపల్లెవంటి యూళ్లను దృష్టియందుంచుకొని వ్రాయుచున్నాము. బాహుదా జలాశయము క్రింద నున్నను, వానను నమ్మి బ్రతుకు సీమ అది. మదనపల్లె మార్కెట్టులో టమోటా ఒకనాడు బంగారము, మరునాడు రోడ్డుప్రక్కన పారబోయు చెత్త. కావుననే మదనపల్లె, రాయచోటి ప్రాంతములనుండి వేలకొలది స్త్రీపురుషులు కువైటు దారి పట్టిరి. మరియొక వంక, మదనపల్లెకు సుమారు నూరు కిలోమీటర్లలో దేవనహళ్లియందు 2008లో బెంగుళూరు క్రొత్త విమానాశ్రయము తెరచిరి. నేడు ఒకే వీధినుండి ఇరువురు ఆ విమానాశ్రయమునకే పోవుచున్నారు: ఒకడు కంప్యూటరు కొలువునకు, ఒకతె పరాయి యింట అంట్లు తోముటకు.

ఆమెకును గుర్తులు కలవు. త్రాటితో బిగించి, పెద్ద అక్షరములతో పేరు వ్రాసిన అట్టపెట్టె. ప్లాస్టికు సంచిలో భద్రపరచిన పాస్‌పోర్టు. కిలో హెచ్చెనన్న విప్పి తీసివేయవలసిన ఊరగాయ సీసా. ఆమె మైళ్లు లెక్కింపదు; బిడ్డ మొగము చూడని యేండ్లు లెక్కించును. పదవ తరగతి గట్టెక్కనివారి పాస్‌పోర్టులకు 1983 నాటి వలసచట్టము క్రింద ఇ.సి.ఆర్. అను గుర్తు వేసిరి. ఆ గుర్తున్నవారు కువైటువంటి దేశములకు కొలువునకు పోవ సర్కారు అనుమతి పొందవలెనని నియమించిరి. ఇంటిపనికి పోవు స్త్రీకి ముప్పదియేండ్లు నిండవలెననిరి. రక్షణకొరకే పెట్టిన నియమము కావచ్చును. కాని విమానాశ్రయపు వరుసలో ఆ గుర్తును చూచినవాని కంఠస్వరము మారుటయు, బంగారు కార్డును చూచినవాని నడుము వంగుటయు ఏ చట్టమున వ్రాసియున్నది? ఇంటికి డబ్బు పంపి పల్లెను నిలబెట్టునది కడపటి వరుస. కంపెనీకి డబ్బిచ్చి బిళ్ల కొనునది మొదటి వరుస!

భారత విమానయాన చరిత్రలో మహోజ్జ్వల ఘట్టమేదని యడిగిన మేము కువైటు పేరే చెప్పుదుము. 1990 ఆగస్టు 2న ఇరాకు సేనలు కువైటును ఆక్రమించినప్పుడు, చిక్కుకొన్న మనవారిలో లక్షకు పైబడినవారిని ఎయిరిండియా 59 దినములలో 488 విమానయాత్రలతో జోర్డాను రాజధాని అమ్మానునుండి స్వదేశమునకు చేర్చెను. అందు రాయలసీమ కూలీలును కలరు. నీది ఏ రంగు కార్డని ఆనాడెవ్వరు నడుగలేదు. విమానమునకు గౌరవము వచ్చినది ఆ దినమున.

“ధనము మాది, ముచ్చట మాది, మీకేమి?” అని కొందరందురు. ధనము మీదే. విమానము మీది కాదు. వాల్‌చంద్ హీరాచంద్ 1940 డిసెంబరులో మైసూరు ప్రభుత్వపు తోడ్పాటుతో బెంగుళూరున విమాన కర్మాగారము స్థాపించెను. 2001 జనవరి 4న మన తేజస్ యుద్ధవిమానము ఆ నగరముననే తొలిసారి ఎగిరెను. అయినను 2023లో మన రెండు కంపెనీలు, ఒకటి 470, మరియొకటి 500 ప్రయాణికుల విమానములు కావలెనని ఎయిర్‌బస్, బోయింగు వాకిండ్లకే పోవలసివచ్చినది. పరుల రెక్కలమీద కూర్చుండుట ప్రయాణమగును గాని ఘనత కానేరదు.

కావున మా కోరిక మూడు మాటలు. బిళ్ల కొరకు ఎగురుట మానుడు. విమానవిద్య తెలిసినవారు సెలవులకు నిమ్మనపల్లె వచ్చినప్పుడు బడిపిల్లలకు రెక్క ఎట్లు బరువు మోయునో చెప్పుడు. చూచి మురియు పిల్లవాడు చేసి చూపు ఇంజనీరగును. రేణిగుంట విమానాశ్రయమునకు 2017లో అంతర్జాతీయ హోదా వచ్చినను, ఆ పిమ్మటను మన కువైటు ప్రయాణికులు మూటలతో చెన్నైకిని బెంగుళూరికిని పరువెత్తవలసివచ్చిన మాట మరువక, వారికొరకు అర్జీ వ్రాయుడు, అడుగుడు. 2014లో అశోక్ గజపతిరాజుగారును, 2024లో రామ్మోహన్ నాయుడుగారును కేంద్రమున పౌరవిమానయాన శాఖను చేపట్టిరి. తెలుగువాని మాట ఢిల్లీలో వినబడదను సాకు చెల్లదు.

మరల మీరు విమానాశ్రయమున నిలుచునప్పుడు ప్రక్క వరుసలో అట్టపెట్టెతో నొక తల్లి నిలిచియుండును. ఆమె దారి తెలియక దిక్కులు చూచుచుండును. కార్డును జేబులో నుంచి, “ఇటు రమ్మమ్మా, నేను దారి చూపెదను” అనుడు. మీరు నేర్చిన ఆకాశవిద్యకు అది మొదటి ఫలము.