అడుగు నేర్పుడు సరే, అది ఎవరి అడుగో చెప్పాలె

నేను జర్మనీల ఎమ్మెస్ చదువుతున్న. మాది జగిత్యాల దిక్కు పల్లె. పోయిన చలికాలం మా యూనివర్సిటీ దగ్గర ఫ్లమెంకో డ్యాన్స్ వర్క్‌షాప్ పెట్టిండ్రు. స్పెయిన్‌ల హెరెస్ పట్నం నుంచి గెస్ట్ టీచరమ్మ వచ్చింది. శని, ఆదివారం రెండే రోజులు. దోస్తు గుంజుకపోతే తమాషా చూద్దామని పోయిన.

మొదటి పూట అడుగే ఏపియ్యలే. అంత చప్పట్లే! సొలెయా అనే రకంల పన్నెండు దెబ్బల తాళం ఉంటది. 3, 6, 8, 10, 12 మీద గట్టిగ కొట్టాలె. ముందుగాల మూడు మూడు దెబ్బలు, ఆనక రెండు రెండు. సినిమా పాటల బీటుకు అలవాటైన చెవి కదా, ఏడు కాడికి రాంగనే నేను తప్పుడే. పాట నడిచేటప్పుడు అరచేతులు దొప్ప లెక్క వంచి మెత్తగ కొట్టాలెనట, పాట ఆగినంక గట్టిగ.

రెండోనాడు అడుగులు. బూట్ల కొన కింద, మడిమె కింద మేకులు కొట్టి ఉంటయ్, నేలనే డప్పయితది. అప్పుడు టీచరమ్మ ఒక ముచ్చట చెప్పింది. పెన్‌డ్రైవ్ పాట మీద ఆడితే సగం ఫ్లమెంకోనేనట. అసలైతే ఆడేటోళ్లే అడుగుతోని పిలుపు ఇస్తరు, గిటారు, పాట ఆ పిలుపుకు జవాబిస్తయ్. రెండు రోజుల వర్క్‌షాప్‌కు పాడేటోళ్లను గూడ తెచ్చే పైసలు ఎవరిస్తరు? నేర్పేటామె ఒక్కతే రైలెక్కుతది, పాటగాళ్లు ఇంటికాన్నే ఉంటరు.

ఆ పాట ఎవరిది? ఆండలూసియా పేద జనం పాటలు శానా దాంట్ల కలిసినయ్. కానీ గితానోలు లేకుంటే ఫ్లమెంకోనే లేదు. గితానోలంటే స్పెయిన్‌ల రోమా ప్రజలు. వాళ్ల పూర్వీకులు వందల ఏండ్ల కింద ఉత్తర భారతం నుంచి పోయినోళ్లే. వాళ్ల మాటల నీళ్లంటే ఇప్పటికీ 'పానీ'నే. 1499 నుంచి వాళ్ల మీద చట్టాల మీద చట్టాలు తెచ్చిండ్రు. 1749 జులైల రాజు హుకుం మీద దాదాపు 9 వేల మందిని పట్టుకపోయి, మొగోళ్లను, ఆడోళ్లను ఏరువడ గొట్టిండ్రు.

ఇప్పుడు గౌరవానికేం కొదవ లేదు. 2010ల యునెస్కో ఫ్లమెంకోను మానవాళి వారసత్వ జాబితాల ఎక్కిచ్చింది. 2023ల ఆండలూసియా పార్లమెంటు దానికోసం చట్టమే చేసింది. 1425ల గితానోలు స్పెయిన్‌కు వచ్చి 600 ఏండ్లైందని, 2025ను స్పెయిన్ సర్కారు గితానో ప్రజల ఏడాదిగ ప్రకటించింది. మరి బతుకు? సెవిల్లెల ట్రియానా పేట ఫ్లమెంకోకు పుట్టినిల్లసుంటిది. ఆడి గితానో కుటుంబాలను 1950, 60లల్ల ఖాళీ చేయించి ఊరవతలికి తోలిండ్రు. వాళ్లల్ల శానా మందిని తోలిన పోలిగోనో సూర్ ఇయ్యాల స్పెయిన్‌ల బాగ పేద బస్తీలల్ల ఒకటి. ట్రియానాకేమో టూరిస్టులు ఫోటోలు దిగవోతరు.

గిట్లని గెస్ట్ టీచర్ల వర్క్‌షాప్‌లు వద్దంటలేను. టీచరమ్మ రాకుంటే నాకు గీ కథ తెలిసేదే కాదు. కళ ఊరు దాటాలె, నేర్పినోళ్లకు పైసలు రావాలె. నేననేది ఒక్కటే. ఫీజు కట్టే మనం అడగాలె: ఇది ఎవరిది, ఇండ్ల వాళ్లకేమన్న ముడుతుందా? ఈ టీచరమ్మ అడగకముందే చెప్పింది. అందరు చెప్తరా?

తమ్ముళ్లు, చెల్లెండ్లు, డప్పు గూడ ఇప్పుడు పట్నం స్టేజీలు ఎక్కుతుంది, శానా సంబురం. తెల్లారి నేర్పుడు క్లాసులు పెడితే మాత్రం, ఆ దరువును ఇన్నేండ్లు అవమానాలు పడుకుంట కాపాడిన మాదిగ వాడ తాత పేరు మొదటి పూటనే చెప్పాలె. చెప్పుడుతోనే ఆగొద్దు, నేర్పే కుర్చీల ఆయన్నే కూసోబెట్టాలె.