పాట వెనుక మాట: బట్టీ పట్టిన ఇంగ్లీషు

కిందటి నెల ఈ శీర్షికలో క్యూ సాకమోతో పాడిన ‘సుకియాకి’ గురించి రాశాను గదా. అది చదివి ఇద్దరు ముగ్గురు పాఠకులు, “ఆ తరువాత జపాను నుంచి ఇక్కడికి ఇంకెవ్వరూ రాలేదా?” అని అడిగారు. వచ్చారు. సరిగ్గా పదహారేళ్ల తరువాత, 1979లో, ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. బిల్‌బోర్డు పట్టికలో వారి పాట 37వ స్థానం దాకా వెళ్లింది. సాకమోతో తరువాత మొదటి నలభైలో కనిపించిన జపాను వాళ్లు వీరే. ఆ జంట పేరు ‘పింక్ లేడీ’. వారి కథ ‘సుకియాకి’ కథంత సుఖంగా ఉండదు. కాని మనలాగా ఒక భాషలో పుట్టి మరో భాషలో పొట్టపోసుకునేవాళ్లకు అందులో పట్టించుకోవలసింది చాలా ఉంది.

ముందొక చిన్న చిక్కు తీర్చుకుందాం. ఈ ఇద్దరిలో ఒకామె రంగస్థలం పేరు ‘మీ’, రెండో ఆమెది ‘కేయ్’. “మీ పాట బాగుంది” అని నేను రాస్తే, నేనెప్పుడు పాడానా అని మీరు తికమకపడతారు. అందుకని అసలు పేర్లతోనే నడిపిస్తాను. మొదటామె నెమోతో మిత్సుయో, 1958లో పుట్టింది. రెండో ఆమె మసుదా కేయికో, 1957లో పుట్టింది. జపానులో ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనుక, మనలాగానే.

ఇద్దరిదీ షిజువోకా ఊరు. ఒకే బడిలో చదువుకున్న స్నేహితురాళ్లు. బడి రోజుల్లోనే జంటగా పాడటం మొదలుపెట్టి, హమమత్సులో యమహా కంపెనీవారి సంగీత పాఠశాలకు వెళ్లి నేర్చుకున్నారు. ఆ రోజుల్లో జపాను టెలివిజన్‌లో ‘స్టార్ తంజో’ అనే కార్యక్రమం వచ్చేది. ‘తార పుట్టింది’ అని చెప్పుకోవచ్చు. ఊరూ పేరూ లేని పిల్లలు వచ్చి పాడతారు, రికార్డు కంపెనీలవాళ్లు ఎదురుగా కూర్చుని, నచ్చితే మాకు కావాలని పలక ఎత్తుతారు. పెళ్లిచూపులకు పెద్ద తేడా లేదు. 1976లో వీళ్లిద్దరూ అక్కడ పాడి నెగ్గారు. సాదాసీదా బట్టలు కట్టుకుని నెమ్మదైన జానపద ధోరణి పాటలు పాడారట. కంపెనీవారు కూడా మొదట ‘తెల్లని గాలిమర’ అనే అర్థం వచ్చే పేరు పెట్టి అదే తీరులో దింపుదామనుకున్నారు.

అలాగే జరిగి ఉంటే ఈ నెల నేను ఇంకెవరి గురించో రాస్తూ ఉండేవాణ్ణి. పాటలు కట్టడానికి వచ్చిన షునిచి తోకురా ఆ గాలిమరను పక్కకు నెట్టి, ఒక మిశ్రమ మద్యం పేరు తెచ్చి పెట్టాడు. పింక్ లేడీ అంటే జిన్నులో కోడిగుడ్డు తెల్లసొన, దానిమ్మ రంగు పాకం కలిపి గిలకొట్టేది. పాటలు రాసినవాడు యూ ఆకు, ఆ కాలపు జపానులో అందరికన్నా ఎక్కువ చలామణి అయిన కవుల్లో ఒకడు. ఆటలు కూర్చినవాడు హజిమే దోయి. 1976 ఆగస్టులో ‘పెప్పర్ కేయిబు’ అనే మొదటి రికార్డు వచ్చింది. కేయిబు అంటే పోలీసు ఇన్‌స్పెక్టరు. ప్రేమికులు ఏకాంతంగా ఉన్నప్పుడు వచ్చి ఊదరగొట్టే ఇన్‌స్పెక్టరు మీద పాట. మెరిసే పొట్టి బట్టలు, మోకాళ్లు విప్పి మూస్తూ చేసే ఆట. పెద్దవాళ్లు ముక్కు చిట్లించారు. పిల్లలు మాత్రం వారం తిరక్కుండా ఇళ్లల్లో అద్దాల ముందు అదే ఆట ఆడటం మొదలుపెట్టారు.

ఆ తరువాత రెండేళ్లలో జరిగిందానికి మన సినిమాల్లో కూడా పోలిక దొరకడం కష్టం. 1976 నవంబరులో వచ్చిన ‘ఎస్.ఓ.ఎస్.’ నుంచి 1978 డిసెంబరులో వచ్చిన ‘కెమేలియన్ ఆర్మీ’ దాకా వరసగా తొమ్మిది రికార్డులు ఒరికాన్ పట్టికలో మొదటి స్థానంలో నిలిచాయి. అయిదు పాటలు పదేసి లక్షల కాపీలు దాటి అమ్ముడుపోయాయి. అన్నిటిలోకి పెద్దది ‘యూఎఫ్ఓ’. భూమ్మీది మగవాళ్లతో విసుగెత్తిన అమ్మాయి గ్రహాంతరవాసిని ప్రేమించడం అందులో సంగతి. తల వెనుక నుంచి చెయ్యి లేపి నడినెత్తిన వేళ్లు విప్పే భంగిమతో మొదలవుతుంది. 1977 డిసెంబరులో వచ్చి 15 లక్షలకు పైగా అమ్ముడై, 1978 సంవత్సరానికి జపాను రికార్డు అవార్డు తెచ్చుకుంది. నిస్సిన్ కంపెనీకి అదే పేరుతో ఒక నూడుల్సు డబ్బా ఉండేది. దాని ప్రకటనలో కూడా వీళ్లే కనిపించారు. పాట నూడుల్సు అమ్మిందో, నూడుల్సు పాట అమ్మాయో తేల్చి చెప్పడం కష్టం.

నన్నడిగితే ‘సౌత్‌పా’ అనే పాటే మేలు. ఎడమచేతి వాటంతో బంతి విసిరే ఒక ఆడపిల్ల, ఒకటో నెంబరు చొక్కా తొడుక్కున్న మహా ఆటగాడికి ఎదురు నిలబడటం అందులో కథ. ఒకటో నెంబరు అంటే జపానులో చెప్పక్కర్లేదు, సదహరు ఓ అన్నమాట. కొంగలాగా ఒంటికాలి మీద నిలబడి బంతి కొట్టేవాడు. 1977 సెప్టెంబరులో తన 756వ హోమ్‌రన్ కొట్టి, అమెరికాలో హాంక్ ఆరన్ వదిలిపెట్టిన 755 లెక్కను దాటాడు. దేశమంతా ఆ సంబరంలో ఉండగా, 1978 మార్చిలో ఆకు గారు ఒక ఆడపిల్లను తెచ్చి ఆయన ఎదుట నిలబెట్టాడు. పిల్లకాయల పాటల్లో ఇంత చమత్కారం మామూలుగా దొరకదు.

ఈ రెండేళ్లూ ఆ అమ్మాయిలు ఎలా బతికారన్నది వేరే సంగతి. రోజుకు రెండు మూడు గంటలే నిద్రపోయేవాళ్లమని తరువాత వాళ్లే చెప్పుకున్నారు. పెన్సిళ్లు, బొమ్మలు, షాంపూలు, చివరికి వాళ్ల జీవితం మీద ఒక కార్టూను సీరియలు కూడా వచ్చింది. ఇంత వ్యాపారం నడుస్తున్నా, చాలాకాలం వాళ్లది నెల జీతం ఉద్యోగమే. అప్పటికి ఇద్దరికీ ఇరవయ్యో ఏడు అటూ ఇటూ.

1978 డిసెంబరు 31 రాత్రి మేనేజర్లు ఒక పందెం కాశారు. జపానులో ఆ రాత్రి ఇంటిల్లిపాదీ ఎన్‌హెచ్‌కే టెలివిజన్‌లో ‘కోహకు ఉతా గస్సెన్’ చూస్తారు. ఆడవాళ్లు ఎర్రజట్టు, మగవాళ్లు తెల్లజట్టు. ఆ ఏటి మేటి గాయకులంతా పాడే పోటీ. దానికి పిలుపు రావడమే గొప్ప. పింక్ లేడీ ఆ పిలుపు కాదని, అదే వేళకు మరో చానెలులో ధర్మార్థం తమ సొంత ప్రదర్శన పెట్టుకున్నారు. కోహకును దేశంలో నూటికి డెబ్బైకి పైగా ఇళ్లల్లో చూశారు, వీళ్లని పదికి తక్కువే. సంక్రాంతి నాడు ఊరంతా గుడి దగ్గర ఉంటే మనం వేరే పందిరి వేసుకున్నట్టయింది. 1979లో వచ్చిన రికార్డులు మొదటి స్థానానికి ఎక్కలేదు.

అప్పటికే మేనేజర్ల చూపు అమెరికా మీద ఉంది. 1978లోనే లాస్ వేగాస్‌లో ఒక ప్రదర్శన ఇచ్చి వచ్చారు. 1979లో మైకేల్ లాయిడ్ నిర్వహణలో ‘కిస్ ఇన్ ద డార్క్’ అనే ఇంగ్లీషు పాట రికార్డయింది. మొదట చెప్పిన 37వ స్థానం దానిదే. ఆ పాట విన్నవారికి తెలుస్తుంది, ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటీ శుభ్రంగానే ఉంటాయి. మాటకీ మాటకీ మధ్య ఉండవలసిన ఊపిరి మాత్రం లేదు. అర్థం తెలియకుండా శబ్దం నేర్చుకున్న పాట అది.

ఇందులో తప్పేముంది, మన సినిమాల్లో జరగడం లేదా అని మీరనవచ్చు. నిజమే. వెల్లూరులో తమిళ కుటుంబంలో పుట్టిన వాణీ జయరాం ‘శంకరాభరణం’లో తెలుగు పాటలకు జాతీయ పురస్కారం అందుకున్నారు. మన ఎస్. జానకి గారు మలయాళంలో పాడి ‘ఓప్పోళ్’ చిత్రానికి అదే పురస్కారం తెచ్చుకున్నారు. అంతదూరం ఎందుకు, మన ఉగాది కార్యక్రమంలో ఇక్కడ పుట్టిన పిల్లలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న త్యాగరాజ కీర్తన పాడితే కళ్లు తుడుచుకోని తల్లి ఎవరు? పాటకు ఒక సౌకర్యం ఉంది. రాగం చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. తాళం ఎక్కడ ఆగాలో చెబుతుంది. పక్కన తెలిసినవాళ్లు కూర్చుని “ళ అను, ల కాదు” అని దిద్దితే చాలావరకు గట్టెక్కవచ్చు.

హాస్యానికి ఆ సౌకర్యం లేదు. ఎదుటివాడి మాట విని, అది చెవిలో పడీ పడకముందే బదులివ్వాలి. అర క్షణం ఆలస్యమైతే జోకు చచ్చిపోతుంది. పింక్ లేడీని తీసుకువెళ్లి అక్కడ కూర్చోబెట్టారు.

ఎన్‌బీసీ కంపెనీకి అప్పట్లో పెద్ద ఫ్రెడ్ సిల్వర్‌మన్. మూడు పెద్ద చానెళ్లలో తనది వెనుకబడి ఉంది. జపానులో ఇంత పేరున్న జంట ఉందని తెలిసి, పాటలూ హాస్యమూ కలిపి గంటసేపు వారం వారం కార్యక్రమం చెయ్యమని సిడ్, మార్టీ క్రాఫ్ట్ అన్నదమ్ములకు అప్పగించాడు. అమ్మాయిలకు ఇంగ్లీషు రాదన్న సంగతి అంతా కుదిరాకనే తమకు తెలిసిందని నిర్మాతలు తరువాతి రోజుల్లో చెప్పుకున్నారు. అప్పుడు పక్కన జెఫ్ ఆల్ట్‌మన్ అనే హాస్యనటుణ్ణి నిలబెట్టారు. దుబాసీని పెట్టారు. అమ్మాయిలు తమ మాటలన్నీ శబ్దం ప్రకారం బట్టీ పట్టారు.

1980 మార్చి 1న మొదటి ప్రదర్శన. బ్లాండీ, ఆలిస్ కూపర్, రాయ్ ఆర్బిసన్ వంటివారు అతిథులుగా వచ్చిన కార్యక్రమం అది. డబ్బుకు కొదవ లేదు. జపాను అమ్మాయిలకు ఇంగ్లీషు రాకపోవడమే జోకు. ఇతను ఏదో అంటాడు, వాళ్లు అమాయకంగా తప్పర్థం తీస్తారు, జనం నవ్వాలి. చిత్రమేమిటంటే, రానట్టు నటించే ఆ మాటలు కూడా వాళ్లు రాక బట్టీ పట్టినవే. చివరికి ఇద్దరూ ఈత బట్టలతో, సూటు వేసుకున్న ఆల్ట్‌మన్‌ను లాక్కుపోయి వేడినీళ్ల తొట్టిలో పడెయ్యడంతో ముగింపు. పాటలు కూడా ఎక్కువగా అమెరికావాళ్లవే, ఇంగ్లీషులోనే పాడించారు.

నాకు ఇక్కడే ఒళ్లు మండుతుంది. ‘సుకియాకి’ని అమెరికా జపాను భాషలోనే విన్నది. ఒక్క ముక్క అర్థం కాకుండానే నెత్తిన పెట్టుకున్నది. ఆ ముందుచూపు ఉన్నవాడు ఒక్కడుంటే, ‘యూఎఫ్ఓ’నో ‘సౌత్‌పా’నో ఉన్నదున్నట్టు పాడించి, అడుగున నాలుగు ఇంగ్లీషు అక్షరాలు వేసి, వాళ్ల ఆట వాళ్లనే ఆడనిస్తే ఏమయ్యేదో! బేస్‌బాల్ దేశంలో సదహరు ఓ మీది పాట నడవదా? వాళ్ల దగ్గర ఉన్న ఒక్క విద్యను పక్కన పెట్టించి, లేని విద్యతో పరీక్ష పెట్టారు.

రెండో ప్రదర్శన నుంచి శుక్రవారానికి మార్చారు. ఎదురుగా సీబీఎస్‌లో ‘డ్యూక్స్ ఆఫ్ హజర్డ్’. ఏప్రిల్ 4తో ఆపేశారు. తీసినవి ఆరు, చూపినవి అయిదు. తరువాత 2002లో టీవీ గైడ్ పత్రికవారు, అప్పటిదాకా వచ్చిన వాటిలో అతి చెడ్డవి ఏభై కార్యక్రమాలు ఏరి జాబితా వేస్తే ఇదీ అందులోకి ఎక్కింది. ఆ జాబితా చూసినవాళ్లలో చాలామందికి వీళ్లు వరసగా తొమ్మిదిసార్లు మొదటి స్థానంలో నిలిచిన సంగతి తెలియదు.

జపానుకు తిరిగి వెళ్లేసరికి అక్కడి పిల్లలు కొత్త ఆటలు నేర్చుకున్నారు. 1980 సెప్టెంబరు 1న విడిపోతున్నామని ప్రకటించారు. 1981 మార్చి 31న టోక్యోలో కోరకుయెన్ స్టేడియంలో చలిలో, వానలో ఆఖరి కచేరీ చేశారు. సదహరు ఓ తన హోమ్‌రన్లు కొట్టిన మైదానం అది. ‘సౌత్‌పా’ పాడిన అమ్మాయిలు చివరికి అక్కడికే చేరారు.

అదే ఏడాది కేయికో ఒంటరిగా ‘సుజుమె’ అనే పాటతో మళ్లీ వచ్చింది. సుజుమె అంటే పిచ్చుక. మియుకి నకజిమా రాసి కట్టింది. మెరుపు బట్టలు లేవు, ఆట లేదు, తక్కువ గొంతుతో దిగులుగా సాగే పాట. జనం ఆదరించారు. దొరికితే ముందు అది వినండి. మిత్సుయో కూడా నటన, పాటలు కొనసాగించింది. అప్పుడప్పుడు కలిసేవారు. 1989 డిసెంబరు 31న, పదకొండేళ్ల కిందట కాదన్న ఆ కోహకులోనే కనిపించి తమ పాత పాటలు కలిపి పాడారు. 2003 నుంచి రెండేళ్లపాటు ఊరూరా తిరిగి కచేరీలు చేశారు. అప్పటికి ఇద్దరికీ నలభై అయిదు నిండాయి, ఆట మాత్రం ఒక్క అడుగు తగ్గించలేదు. పాటలు రాసిన ఆకు గారు 2007లో పోయారు. 2010 సెప్టెంబరు 1న, విడిపోతున్నామని ప్రకటించి సరిగ్గా ముప్ఫై ఏళ్లు నిండిన రోజున, ఆ విడిపోవడాన్ని రద్దు చేస్తున్నామని ఇద్దరూ ప్రకటించారు. విడాకుల కాగితం చింపేసినట్టన్నమాట.

స్థలం రెండు పేజీలు దాటిందని ఎడిటరు గారు గుర్తుచేస్తున్నారు. వీళ్లకు ముందు 1959లో వచ్చిన కవల అక్కచెల్లెళ్లు ‘పీనట్స్’ ఉన్నారు. ‘మోత్రా’ సినిమాలో అరచేతిలో పట్టేంత బుల్లి దేవకన్యలుగా కనిపించి, 1966లో ఎడ్ సలివన్ ప్రదర్శనలో కూడా పాడారు. వచ్చే నెల వాళ్ల సంగతి.