కండ తొందర, ఎముక నిదానం

"కమాండో కావాలంటే ఎన్ని దండీలు తీయాలి?" సైన్యంలో చేరాలని కలలు కనే పిల్లలు మొదట అడిగే ప్రశ్న ఇదే. యాభయ్యా? నూరా? ఒక్క ఊపున రెండు వందలా? ప్రశ్న సబబైనదే. కాని దానికి దొరికే జవాబు మనల్ని రెండు రకాల పొరపాట్లలోకి దింపుతుంది. అంకె చిన్నదైతే "ఓస్, ఇంతేనా!" అనుకుంటాం. పెద్దదైతే "రేపు తెల్లవారుజాము నుంచే ఒళ్ళు హూనం చేసుకోవాలి" అనుకుంటాం. రెండూ సరికావు. ఎందుకు కావో శరీరశాస్త్రం ఏం చెబుతున్నదో చూద్దాం.

ముందుగా లెక్కలు. అమెరికా నౌకాదళంలో 1962లో ఏర్పడిన 'సీల్స్' అనే ప్రత్యేక దళం ఉన్నది. ఆ శిక్షణకు పోదలచినవారికి చాలా ఏళ్ళపాటు పెట్టిన పరీక్షలో కనీస ప్రమాణాలు ఇవి: 500 గజాలు 12 నిమిషాల 30 సెకన్లలో ఈదాలి. రెండు నిమిషాల్లో 50 దండీలు తీయాలి. మరో రెండు నిమిషాల్లో వెల్లకిలా పడుకొని 50 సార్లు నడుము లేపాలి. కడ్డీ పట్టుకొని వేలాడుతూ 10 సార్లు గడ్డం కడ్డీ పైకి వచ్చేలా ఒళ్ళు లాగాలి. ఒకటిన్నర మైలు, అంటే సుమారు 2.4 కిలోమీటర్లు, 10 నిమిషాల 30 సెకన్లలో పరుగెత్తాలి.

"మా బడిలో ఆటల పోటీల్లో గెలిచే కుర్రవాడు ఇవన్నీ చేసేస్తాడే!" అని మీకు తోచవచ్చు. నిజమే. కొన్ని నెలలు పద్ధతిగా సాధన చేసిన ఆరోగ్యవంతుడైన యువకుడికి ఇవి అందనివి కావు. అయితే ఇది గుమ్మం మాత్రమే. ఇల్లు లోపల ఉన్నది.

ఆ శిక్షణ కాలిఫోర్నియాలోని కొరొనాడో సముద్ర తీరాన జరుగుతుంది. అందులో 'నరక వారం' అని పేరుపడ్డ వారం ఒకటి ఉంటుంది. ఆదివారం మొదలై శుక్రవారం దాకా అయిదున్నర రోజులు సాగుతుంది. అన్ని రోజులకూ కలిపి నిద్ర దాదాపు నాలుగు గంటలే. పరుగు మొత్తం 200 మైళ్ళు దాటుతుంది. చన్నీళ్ళు, తడి ఇసుక, భుజాల మీద దుంగలు, తలల మీద రబ్బరు పడవలు. శిక్షణకు వచ్చినవారిలో ఎక్కువమంది మధ్యలోనే తప్పుకుంటారు. వాళ్ళందరూ పైన చెప్పిన పరీక్ష నెగ్గి వచ్చినవాళ్ళే సుమా!

మన దేశంలోనూ ఇలాంటి దళాలు ఉన్నాయి. సైన్యంలో పారా ప్రత్యేక దళాలు, నౌకాదళంలో 1987లో ఏర్పడిన మార్కోస్, వాయుసేనలో 2004లో ఏర్పడిన గరుడ్ దళం అటువంటివే. పారా దళంలో ముదురు ఎరుపు టోపీ పెట్టుకోవాలంటే సుమారు మూడు నెలల పరిశీలన గడువు దాటాలి. అక్కడా చివరిదాకా నిలిచేది కొద్దిమందే.

గుమ్మం దాటినవాళ్ళు లోపల ఎందుకు నిలవలేకపోతున్నారు? కండలు చాలకనా? కొందరి విషయంలో అది నిజమే కావచ్చు. కాని శరీరం అంటే కండలొక్కటే కాదు గదా! గుండె, ఊపిరితిత్తులు, స్నాయువులు, ఎముకలు, చర్మం, మెదడు - ఇవన్నీ కలిసి బరువు మోయాలి. చిక్కు ఎక్కడున్నదంటే, ఇవన్నీ ఒకే వేగంతో బలపడవు.

మీరు ఇవాళ దండీలు మొదలుపెట్టారనుకోండి. రెండు మూడు వారాల్లోనే మొదటికన్నా ఎక్కువ తీయగలుగుతారు. అప్పటికి కండ పెద్దగా పెరగదు. ఉన్న కండను ఇంకా బాగా పని చేయించడం నాడులు నేర్చుకుంటాయి, అంతే. గుండె, ఊపిరి కూడా కొద్ది వారాల్లో మెరుగుపడతాయి. దానితో "నాకు బలం వచ్చేసింది" అనిపిస్తుంది. పరుగు రెట్టింపు చేయాలనిపిస్తుంది.

సరిగ్గా అదే సమయంలో ఎముక సంగతి వేరుగా ఉంటుంది. ఎముక రాయి కాదు, ప్రాణమున్న కణజాలం. కొత్త ఒత్తిడి పడినప్పుడు అది తనను తాను మరమ్మతు చేసుకుంటుంది. ఒక రకం కణాలు పాత పదార్థాన్ని కరిగించి తీసేస్తాయి. ఇందుకు రెండు మూడు వారాలు పడుతుంది. తరువాత మరో రకం కణాలు వచ్చి ఆ చోట కొత్త ఎముకను కడతాయి. ఇందుకు మూడు నాలుగు నెలలు పడుతుంది. అంటే కండలో ఉత్సాహం ఉరకలు వేసే తొలి వారాల్లోనే ఎముకలో అక్కడక్కడ పాతది పోయి కొత్తది రాని ఖాళీలు ఉంటాయన్నమాట.

ఇంటికి స్లాబు వేయడం మీరు చూసే ఉంటారు. రోజూ తడుపుతూ, కొన్ని వారాలు ఆగిన తరువాత గాని కింది సెంట్రింగు విప్పరు. పైకి చూస్తే స్లాబు మరునాడే గట్టిగా కనబడుతుంది. అలాగని మరునాడే విప్పి పైన ఇటుకలు పేరిస్తే ఏమవుతుంది? ఎముకలోనూ అదే అవుతుంది. కాలి మడమ పైభాగాన, పాదంలో, మోకాలి కింద సన్నని పగుళ్ళు పుడతాయి. వీటిని ఒత్తిడి పగుళ్ళు అంటారు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. 1855లోనే ప్రష్యా సైన్యంలో బ్రైథౌప్ట్ అనే వైద్యుడు దూరపు నడకల తరువాత సైనికుల పాదాలు వాచి నొప్పి పుట్టడం గమనించి రాశాడు. కారణం మాత్రం అప్పుడు తెలియలేదు. 1895లో ఎక్స్-కిరణాలు కనుగొన్నాక, 1897లో ఆ పాదాలను ఎక్స్-రే తీసి చూస్తే ఎముకలో పగుళ్ళు కనబడ్డాయి.

పగుళ్ళు తెలిశాయి సరే, వాటిని తగ్గించడం ఎలా? ఈ విషయంలో ఇజ్రాయెల్ సైన్య వైద్యులు దీర్ఘకాలం కృషి చేశారు. 1985లో వారు ప్రచురించిన ఒక పరిశీలనలో, కొత్తగా చేరిన 295 మందిలో 31 శాతానికి శిక్షణ కాలంలో ఒత్తిడి పగుళ్ళు వచ్చినట్టు తేలింది. అంటే పదిమందిలో ముగ్గురికి! ఆ తరువాత ఎన్నో ఉపాయాలు పరీక్షించారు. 25 ఏళ్ళ అనుభవాన్ని 2008లో ప్రకటించారు. బాగా పనిచేసినవి రెండు: శిక్షణలో నడిపించే మొత్తం దూరం తగ్గించడం, రోజుకు కనీసం ఆరు గంటలు నిద్రపోనివ్వడం. ఈ రెండింటితో పగుళ్ళు 60 శాతానికి పైగా తగ్గాయి.

గమనించారా? సైనికులను దృఢంగా తయారుచేసే పనిలో గెలిచినవి ఇంకొంచెం నడిపించడమూ, ఇంకొంచెం మేల్కొలపడమూ కావు. తక్కువ నడక, ఎక్కువ నిద్ర.

ఇక్కడ మీలో ఒకరు అడ్డు చెప్పవచ్చు: "యుద్ధంలో శత్రువు ఆరు గంటలు నిద్రపోనిస్తాడా? కష్టపెట్టకపోతే సైనికుడు ఎలా తయారవుతాడు?" మంచి ప్రశ్న. జవాబు కూడా సూటిగానే ఉన్నది. నరక వారం ఒక పరీక్ష. అది బలాన్ని కొలుస్తుంది, బలాన్ని పెంచదు. జ్వరం వచ్చినవాడి నోట్లో ధర్మామీటరు పెడితే జ్వరం ఎంతో తెలుస్తుంది, తగ్గదు గదా! మనవాళ్ళు సినిమాల్లో, వీడియోల్లో చూసేది ఆ పరీక్షనే. కాని దాన్నే సాధన అనుకొని ఇంటి దగ్గర రోజూ అనుకరించబోతారు. కొలిచే పనిముట్టును మందుగా మింగడం వంటిది ఇది. పరీక్షను తట్టుకునే శరీరం అంతకుముందు నెలలు, ఏళ్ళు నిదానంగా తయారై ఉండాలి.

పరీక్షకూ హద్దు ఉండాలి. 2013 జూలైలో బ్రిటన్‌లో ఏం జరిగిందో చూడండి. అక్కడి ప్రత్యేక దళాలకు మనుషులను ఎంపిక చేసేది వేల్స్‌లోని బ్రెకన్ బీకన్స్ కొండల్లో. ఆ కొండల్లో ఎత్తయిన పెన్-ఎ-ఫాన్ శిఖరం 886 మీటర్లే. మన అరకు కొండలకన్నా ఎత్తేమీ కాదు. బరువైన సంచులు మోస్తూ 16 మైళ్ళు నడిచే పరీక్ష ఆ రోజు పెట్టారు. వాతావరణం అక్కడికి అసాధారణమైనంత వేడిగా ఉన్నది. వేడి దెబ్బకు ముగ్గురు సైనికులు చనిపోయారు. వాళ్ళు అర్భకులు కారు. ఆ పరీక్షకు నిలబడగలమని ముందుకు వచ్చినవాళ్ళు.

అంత దృఢమైనవాళ్ళకు ఇలా ఎందుకైంది? కండ ఖర్చుచేసే శక్తిలో పనికి మారేది సుమారు నాలుగో వంతు. మిగిలిందంతా వేడి అవుతుంది. ఆ వేడిని ప్రధానంగా చెమట ఆవిరై తీసుకుపోవాలి. ఒక లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడి పోతుంది. కాని వీపుమీద సంచి, ఒంటినిండా దళసరి బట్టలు ఉంటే చెమట ఆవిరి కావడానికి చోటే తగ్గిపోతుంది. వేడికి అలవాటు పడటానికి శరీరానికి పది పద్నాలుగు రోజులు కావాలి. పట్టుదల ఎక్కువ ఉన్నవాడు "ఆగు" అని ఒళ్ళు చెప్పే మాట వినడు. అందుకే అతనికే ప్రమాదం ఎక్కువ. మన కోస్తా ఊళ్ళ ఉక్కపోతలో చెమట ధారలు కట్టి కారుతుందే తప్ప ఆరదు. కారిన చెమట చల్లబరచదు, ఆరిన చెమటే చల్లబరుస్తుంది. వేసవిలో పరుగు సాధన చేసేవాళ్ళు ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు.

అయితే పట్టుదలకు విలువ లేదా? ఉన్నది. అమెరికాలో వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో 2004లో చేరిన 1,218 మందిని పరిశోధకులు పరిశీలించారు. తొలి వేసవిలో జరిగే కఠిన శిక్షణలో ఎవరు నిలుస్తారన్నది చదువు, ఆటలు, నాయకత్వం కలిపి వేసిన మార్కులకన్నా పట్టుదలను కొలిచే చిన్న ప్రశ్నావళే బాగా చెప్పింది. 2019లో పదకొండు వేలమందికి పైగా విద్యార్థులతో చేసిన మరో పరిశీలన ఇంకొక ముక్క చేర్చింది. ఏళ్ళ తరబడి చదువులో, వ్యాయామంలో ఎవరు రాణిస్తారో చెప్పడానికి పట్టుదల ఒక్కటే చాలదు. తెలివీ, దేహశక్తీ కూడా లెక్కలోకి వస్తాయి. పట్టుదల ఎముకకు బదులు కాదు. ఎముక పట్టుదలకు బదులు కాదు.

ఇదంతా మీకు ఎందుకు చెబుతున్నామంటే, మన ఊళ్ళలోనూ తెల్లవారకముందే తారురోడ్ల మీద పరుగెత్తే అన్నయ్యలు ఉన్నారు. 2022లో మొదలైన అగ్నివీర్ ఎంపికలో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు పరుగెత్తితే ఆ అంశానికి పూర్తి మార్కులు. ప్రకటన వచ్చాక రెండు నెలల్లో అది సాధించాలని కొందరు మొదటి రోజునుంచే ప్రాణం పెట్టి పరుగెత్తుతారు. మూడో వారానికి కాలిలో ఒకేచోట నొప్పి మొదలవుతుంది. మాత్ర వేసుకొని మళ్ళీ పరుగెత్తుతారు. మాత్ర నొప్పిని కప్పుతుంది, పగులును పూడ్చదు. ఏళ్ళ కల అక్కడ కుంటుతుంది. దీనికి కారణం బలహీనత కాదు, కాలం లెక్క తప్పడం.

మీకు ఆ కాలం చేతిలో ఉన్నది. పెద్దవాళ్ళ ఎముకల్లో ఉండే ఖనిజాల్లో సుమారు నాలుగో వంతు, మనిషి వేగంగా ఎత్తు పెరిగే రెండేళ్ళలోనే చేరుతుంది. ఆ ఏళ్ళు మీవే. కాబట్టి ఆడండి, దూకండి, చెట్లెక్కండి, నీటికి భయం పోయేలా పెద్దల కాపలాలో ఈత నేర్చుకోండి. పరుగు పెంచితే వారానికి కాస్త చొప్పున పెంచండి. వారంలో ఒక రోజు విశ్రాంతి తీసుకోండి. మట్టి నేల దొరికితే తారురోడ్డు మానండి. పాలు, రాగులు, పప్పు, ఆకుకూరలు కడుపునిండా తినండి. ఆడపిల్లలకు ఒక మాట. నేషనల్ డిఫెన్స్ అకాడమీ తలుపులు మీకూ తెరుచుకున్నాయి. 2025లో తొలి మహిళా క్యాడెట్ల జట్టు అక్కడ శిక్షణ ముగించుకొని బయటికి వచ్చింది. తిండి తగ్గించి సాధన పెంచితే ఎముక త్వరగా దెబ్బతింటుందని మరవకండి. ఎముకమీద వేలు పెట్టి "ఇక్కడే" అని చూపగలిగిన నొప్పి ఉంటే ఆగి వైద్యునికి చూపండి. రాత్రి త్వరగా పడుకోండి. నిద్రలోనే ఒళ్ళు మరమ్మతు బాగా జరుగుతుంది.

ఇవి కమాండో సినిమాలో చూపించే పనులు కావు. వీటికి చప్పట్లు కొట్టేవారూ ఉండరు. కాని నరక వారంలో అయిదో రోజు రాత్రి మనిషిని నిలబెట్టేది ఆ వారంలో తెచ్చుకున్న బలం కాదు. అంతకు చాలా ముందు, ఎవరూ చూడని మామూలు రోజుల్లో కూడబెట్టుకున్నది. కనుక ఈసారి ఎవరైనా "ఎన్ని దండీలు తీయాలి?" అని అడిగితే, "ఎన్నాళ్ళనుంచి తీస్తున్నావు?" అని తిరిగి అడగండి.