రీ-ఇన్‌స్టాల్ కొట్టే ముందు కింద ఏం జరుగుతోందో చూడండి

వర్చువల్ మెషీన్ ఇన్‌స్టాలేషన్ మధ్యలో ఆగిపోతే మనందరి దగ్గరా ఉన్న మందు ఒకటే. ఆపెయ్, వదిలెయ్, కొత్తది మొదలుపెట్టు. లేదంటే "ఐఎస్ఓ పాడైందిరా, వేరేది దించు". సొంత ల్యాప్‌టాప్‌లో ఇది చాలాసార్లు పనిచేస్తుంది కూడా. కానీ డిస్క్ నెట్‌వర్క్ స్టోరేజ్ మీద ఉన్నప్పుడు ఇది సమస్యని తీర్చదు, ఇంకోటి తెచ్చిపెడుతుంది. ఈ అలవాటు పోవాలి, అది పోవాలంటే ల్యాబ్‌లో మార్కులు ఇచ్చే పద్ధతి మారాలి అన్నది నా వాదన.

ముందు తేడా చూద్దాం. ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ వాడితే డిస్క్ అంటే మన ఎస్ఎస్‌డీలో ఒక ఫైల్, అంతే. సెఫ్ లాంటి డిస్ట్రిబ్యూటెడ్ స్టోరేజ్‌లో అదే డిస్క్ ముక్కలుగా చాలా సర్వర్లలో ఉంటుంది. మామూలు సెట్టింగ్‌లో ప్రతి ముక్కకీ మూడు కాపీలు. కనీసం రెండు కాపీలైనా అందుబాటులో లేకపోతే సెఫ్ ఎర్రర్ ఇవ్వదు, రాయడం ఆపేసి ఎదురుచూస్తుంది. పైన మనకి కనిపించేది మాత్రం 40 శాతం దగ్గర కదలని బార్. మనం ఆ బార్‌ని తిట్టుకుంటూ కూర్చుంటాం.

కొల్లేరు పక్క ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకి ఇది వివరించక్కర్లేదు. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు కొల్లేరులోకి వస్తాయి. అక్కడి నుంచి సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. ఉప్పుటేరు పూడుకుపోతే మునిగేది పైనున్న లంక గ్రామాలు, చేలు. నీళ్లు నిలిచింది చేలో కాబట్టి తప్పు చేనుదే అని అక్కడ ఎవరూ అనరు.

అందుకే వెతకడం కింద నుంచి మొదలుపెట్టాలి. మొదట క్లస్టర్. 'సెఫ్ హెల్త్ డీటెయిల్' అనే ఒక్క కమాండ్ ఏది పడిపోయిందో, ఎక్కడ నిండిపోయిందో చెప్పేస్తుంది. మామూలు సెట్టింగ్‌లో డిస్క్ 85 శాతం నిండితే హెచ్చరిక వస్తుంది, 95 దగ్గర రాయడమే ఆగిపోతుంది. సర్వర్ల గడియారాల మధ్య 0.05 సెకన్లకి మించి తేడా వచ్చినా హెచ్చరిస్తుంది. అంటే టైమ్ సింక్ కూడా చూడాలన్నమాట.

తర్వాత నెట్‌వర్క్. సర్వర్లలో ఎంటీయూ 9000 పెట్టి, మధ్యలో స్విచ్ 1500 దగ్గరే ఉంటే తమాషాగా ఉంటుంది. మామూలు పింగ్ హాయిగా వెళ్తుంది, పెద్ద ప్యాకెట్లు మాయమైపోతాయి. "నెట్‌వర్క్ బానే ఉందిరా" అని అందరూ ఒట్టేసి మరీ చెప్తారు. ప్యాకెట్‌ని ముక్కలు చేయొద్దని చెప్పి 8972 బైట్లతో పింగ్ చేస్తే అసలు సంగతి బయటపడుతుంది.

ఇన్‌స్టాలర్ అసలు మొదలే కాకపోతే పర్మిషన్లు చూడండి. స్టోరేజ్ మౌంట్ అయినా, క్యూఈఎంయూ నడిచే యూజర్‌కి అందులో రాసే హక్కు లేకపోవచ్చు. ఇవన్నీ బాగుంటే అప్పుడు ఐఎస్ఓ చెక్‌సమ్ సరిచూసుకోండి.

రీ-ఇన్‌స్టాల్ కొడితే పోయేదేముంది అంటారా? లెక్క వేద్దాం. ఆగిపోయే లోపు 4 జీబీ రాసిందనుకోండి, మూడు కాపీలకి 12 జీబీ. ముప్పై మంది తలా మూడు వదిలేస్తే 1080 జీబీ. వర్చువల్ మెషీన్‌ని తీసేసినా దాని డిస్క్ స్టోరేజ్‌లో ఉండిపోవచ్చు. అలా నిండుతూ 95 దాటితే ఆగేది మీ పని ఒక్కటే కాదు, పక్క బ్యాచ్ వాళ్ల ప్రాజెక్టు కూడా. కొల్లేరులో చేపల చెరువుల గట్లు ఒక్కొక్కటీ చిన్నవిగానే కనిపించాయి, అన్నీ కలిసి నీటి దారికి అడ్డమయ్యాయి. 1999లో అభయారణ్యమైన సరస్సులో 2006లో ఆ గట్లు తెగ్గొట్టాల్సి వచ్చింది. అందులో ఎవరి తప్పెంత అన్నది వేరే చర్చ. అందరిదీ అయినచోట "నాది కొంచెమే కదా" అనే మాట చెల్లదన్నదే ఇక్కడ పాయింట్.

మూడు గంటల ల్యాబ్‌లో ఇదంతా ఎక్కడ కుదురుతుంది, అవుట్‌పుట్ చూపించకపోతే మార్కులు రావు కదా అంటారు. నిజమే. నేను అడిగేది కూడా అదే. అవుట్‌పుట్ స్క్రీన్‌షాట్‌కే మార్కులుంటే ఎవరైనా రీ-ఇన్‌స్టాలే కొడతారు. ఏ లాగ్ చూశాం, దేన్ని అనుమానించాం, దేన్ని కొట్టేశాం అని రికార్డులో రాసినదానికీ మార్కులివ్వండి. సెమిస్టర్‌కి ఒక్క సెషన్‌లో కావాలనే ఒక నోడ్ ఆపేసి, ఏం పాడైందో మమ్మల్ని కనుక్కోమనండి. ఖరీదైన సర్వర్లు అక్కర్లేదు, మంచి మెషీన్ ఒకటి ఉంటే దాంట్లో మూడు చిన్న వర్చువల్ మెషీన్లతో సెఫ్ నేర్చుకోవచ్చు.

సార్లు ఒప్పుకునే లోపు మన వంతు పని ఒకటుంది. ల్యాబ్‌లో ఒక నోట్‌బుక్ పెడదాం. ఏ ఎర్రర్ వచ్చింది, ఎక్కడ దొరికింది, ఎలా పోయింది, మూడు లైన్లు చాలు, మనం మాట్లాడుకునే తెలుగులోనే. మన జూనియర్లు సున్నా నుంచి మొదలుపెట్టక్కర్లేదు.