ఆ సంతకం పెట్టకండి

ఈ మధ్య ఒక శుక్రవారం హమ్రియాలో మా పై అంతస్తులో ఉండే మిత్రుడు ఫోను పట్టుకుని మా ఫ్లాటుకి వచ్చాడు. రాజమండ్రిలో ఉన్న ఆయన చెల్లెలు 2021లో వచ్చిన జ్వరం తర్వాత మళ్లీ కోలుకోలేదు. ఇప్పుడు మంచం దిగలేదు. కిటికీ తీస్తే వెలుతురు ఓర్చుకోలేదు. పక్కగదిలో టీవీ మోత ఓర్చుకోలేదు. స్నానం చేయిస్తే రెండు మూడు రోజులు మాట కూడా పెగలదు. పరీక్షలన్నీ నార్మల్. "ఒంట్లో ఏమీ లేదు, అంతా మనసులోనే" అన్నారట. ఆమె వద్దు మొర్రో అంటున్నా మానసిక వైద్యశాలలో చేర్చాలని ఇంట్లో నిర్ణయించారు. డబ్బు పంపాల్సిందీ, సరేననాల్సిందీ ఈయనే. "ఒకసారి చేరిస్తే పోయేదేముంది?" అని నేనూ అన్నాను. ఆ మాట అన్నందుకు సిగ్గుపడే ఇది రాస్తున్నాను. ఎందుకంటే పోయేది ప్రాణమే కావచ్చు.

ఇలాంటి లక్షణాలు ఉండే ఒక జబ్బు ఉంది. పేరు మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్, పొట్టిగా ఎం.ఇ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1969 నుంచీ దీన్ని నాడీవ్యవస్థ జబ్బుల్లోనే చేర్చింది. అమెరికాలో 8,36,000 నుంచి 25 లక్షల మందికి ఇది ఉండవచ్చని అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2015లో చెప్పింది. ఉత్త అలసట కాదిది. కాస్త శ్రమ పడినా, తరచు మర్నాడో ఆ మర్నాడో, ఒళ్లు కుప్పకూలిపోతుంది. దీన్ని తేల్చే రక్తపరీక్ష ఇంకా లేదు. లోపం వైద్యశాస్త్రానిది, శిక్ష రోగికి! మా మిత్రుడి చెల్లెలిది ఈ జబ్బేనని మస్కట్‌లో కూర్చుని నేను చెప్పలేను. కానీ ఆ ప్రశ్న ఆమె విషయంలో ఒక్కరూ అడగలేదు.

అడగకపోతే ఏమవుతుందో చూడండి. ఇంగ్లండులో సోఫియా మీర్జా అనే ఎం.ఇ. రోగిని 2003లో పోలీసులు తలుపు పగలగొట్టి తీసుకెళ్లారు. 13 రోజులు మానసిక వైద్యశాలలో ఉంచారు. 2005 నవంబరులో ఆమె చనిపోయింది, వయసు 32. పోస్టుమార్టంలో వెన్నుపాము దగ్గరి నాడీకణాల్లో వాపు కనబడింది. అంటే మనసులో ఉందన్న జబ్బు వెన్నులో దొరికింది, చచ్చిపోయాక! డెన్మార్క్‌లో కరీనా హాన్సెన్‌ను 2013 ఫిబ్రవరిలో ఇంటి నుంచి బలవంతంగా తరలించారు. ఆమె మళ్లీ ఇల్లు చేరింది 2016 అక్టోబరులో.

"మంచానికి అలవాటు పడింది, నాలుగడుగులు నడిపిస్తే అదే సర్దుకుంటుంది" అనే పెద్దలు మన ఇళ్లలో ఉన్నారు. బ్రిటన్ వైద్య ప్రమాణాల సంస్థ నైస్ కూడా 2007లో క్రమంగా వ్యాయామం పెంచమనే చెప్పింది. 2021 అక్టోబరులో ఆ సలహాను ఉపసంహరించుకుని, అలా చేయవద్దని రాసింది. నైస్ తన మాట వెనక్కి తీసుకోగలిగినప్పుడు మన మామయ్యలు తీసుకోలేరా?

ఇక మన చట్టం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఏది మానసిక వ్యాధో తేల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ లాంటి ప్రమాణాలు ఉండాలి, ఇంట్లోవాళ్ల విసుగు కాదు. 89వ సెక్షన్ కింద ఇష్టం లేకుండా చేర్చుకోవాలంటే తీవ్రమైన మానసిక వ్యాధి ఉందని ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి చెప్పాలి. అయితే అక్కడొక కిటుకుంది. తనను తాను చూసుకోలేక ప్రమాదంలో పడే స్థితి కూడా చేర్చుకోవడానికి ఒక కారణమే. చెంచా ఎత్తలేని ఎం.ఇ. రోగి ఆ వాక్యంలో ఇట్టే ఇరుక్కుపోతుంది. జబ్బు పేరు తప్పు రాస్తే చాలు, మిగతాదంతా చట్టబద్ధంగానే జరిగిపోతుంది.

మానసిక వైద్యం చెడ్డదని నేననడం లేదు. ఎర్రగడ్డ పేరూ చినవాల్తేరు పేరూ వెక్కిరింతకు వాడుకునే మనకు ఆ వైద్యం మీద గౌరవం పెరగాల్సిందే. ఏళ్ల తరబడి చీకటి గదిలో ఉన్న మనిషి దిగులుకి సాయం కోరితే ఇప్పించాలి. కోరితే! బలవంతం వేరు, సాయం వేరు.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, ఆ చేర్పించే దరఖాస్తు పెట్టేది రోగి తరఫు ప్రతినిధి. రోగి ఎవరినీ నియమించుకోకపోతే ఆ అధికారం బంధువులకు వస్తుంది. మన ఇళ్లలో బంధువుల మాట అంటే డబ్బు పంపేవాడి మాట. మస్కట్ నుంచో, డాలస్ నుంచో, లండన్ నుంచో రెండు నిమిషాల ఫోన్లో "సరే కానివ్వండి" అనేది మనమే. రోగిని చూసి ఎన్నాళ్లయిందో కూడా గుర్తుండదు!

కాబట్టి మిత్రులారా, సరేననేముందు ఎం.ఇ. తెలిసిన వైద్యుడు ఆమెను చూశాడా అని అడగండి. తన ప్రతినిధిని తానే నియమించుకునే హక్కు, ముందస్తు ఆదేశం రాసుకునే హక్కు ఆమెకు ఉన్నాయని చెప్పండి, కాగితాలకు సాయపడండి. ఇప్పటికే చేర్చి ఉంటే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు అప్పీలు చేయించండి. అన్నిటికన్నా ముందు, ఆమె చెప్పేది నమ్మండి.

మా మిత్రుడు ఇంకా సరే అనలేదు. ఇంటి నుంచి ఒత్తిడి వస్తూనే ఉంది. మీకూ అలాంటి ఫోను రావచ్చు. ఆ సంతకం పెట్టకండి.